వేలాడే కప్లరు ఎవరిది?



పాత కారు కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే మెకానిక్కుని అడిగే ప్రశ్న ఒకటుంది. వైపరు ట్యాంకులో నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తుతారు. లేదా జారిపడ్డ ఫోను కోసం సీటు కిందికి చెయ్యి పోనిస్తారు. ఒక ప్లాస్టిక్ కప్లరు చేతికి తగులుతుంది. దాని వెనకాల రెండో మూడో వైర్లుంటాయి, ముందు మాత్రం ఏమీ ఉండదు. కారేమో బాగానే నడుస్తోంది. మరి ఇది దేనిది? ఊడిపోయిందా? ఎవరైనా ఊడదీశారా? అసలు మొదటినుంచీ దేనికీ తగిలించనే లేదా?

ఈ ప్రశ్నల్లో చివరిదే ముందు వేసుకోవాలి. జనం తిరగేసి చేస్తారు. కప్లరు వేలాడుతోందంటే దానికో జోడీ ఎక్కడో ఉండే ఉంటుందనుకుని, సైజు సరిపోయిన చోటల్లా దూర్చి చూస్తారు. ఇంకొందరు ఓపిక లేక బ్యాటరీ నుంచి వైరు లాగి, కరెంటిస్తే ఏం వెలుగుతుందో చూద్దామంటారు. ఈ రెండో పని మాత్రం వద్దే వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. ఒక్కో మోడల్‌ని కంపెనీ మూడు నాలుగు రకాలుగా అమ్ముతుంది. ఎల్ఎక్స్, ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ అంటూ మారుతీ కార్ల వెనకాల కనిపించే అక్షరాలు మనకు అలవాటే. ధర తక్కువ దాంట్లో ఫాగ్ ల్యాంపులుండవు, వెనకద్దానికి వైపరుండదు, సైడు అద్దాలు తిప్పే మోటారుండదు. అయితే వేరియంటుకో రకం వైరింగు అల్లించడం కంటే, నాలుగు వైర్లు ఎక్కువైనా ఒకే రకం అల్లించి అన్నిట్లోనూ వేసెయ్యడం చాలాసార్లు కంపెనీకి చవక. అందుకే కింది వేరియంటు బంపరు వెనకాల ల్యాంపు లేని ల్యాంపు కప్లరు ఒకటి ఉండిపోతుంది. అది ఎవరూ ఊడదీసింది కాదు, ఎప్పుడూ తగిలించింది కాదు.

ఇలాంటిదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఫ్యాక్టరీవాళ్లు దాన్ని గాలికి వదిలెయ్యరు. గతుకుల్లో టకటకమని కొట్టుకుంటే కొత్త కారు కొన్నవాడు షోరూమ్‌కి వచ్చి గొడవ పెడతాడు కదా! అందుకని దాన్ని వెనక్కి మడిచి, పక్కనున్న వైర్ల కట్టకి టేపు చుట్టేస్తారు. కొన్నిట్లో మెత్తటి ఫోము చుడతారు, కొన్నిట్లో ఉత్తుత్తి హోల్డరు ఒకటి పెట్టి దానికి గుచ్చేస్తారు. ఏళ్లు గడిచాక ఆ టేపు జిగురు ఎండిపోయి కప్లరు బయటికి జారుతుంది. టార్చి వేసి చూడండి. లోపల పిన్నుల మీద గీత లేకపోతే, లాకు పడే చోట ప్లాస్టిక్ అరగకపోతే, మీద టేపు జిగురు మరక ఉంటే అది ఫ్యాక్టరీనుంచీ ఖాళీగా ఉన్నదే. ఒకసారైనా తగిలించి తీసిన కప్లరు లాకు దగ్గర తెల్లగా గీసుకుపోయి ఉంటుంది. జోడీ కప్పిన మేర శుభ్రంగా, మిగతాది మురికిగా రెండు రంగుల్లో కనిపిస్తుంది.

ఎప్పుడూ ఖాళీగా ఉండేవి ఇంకో రకం ఉన్నాయి. అవి మెకానిక్కు కోసం పెట్టినవి. స్టీరింగు కింద, మోకాళ్లకి దగ్గరలో, 16 పిన్నులకు చోటున్న వెడల్పాటి కప్లరు ఉంటే అది స్కానర్ పెట్టే చోటు. అమెరికాలో 1996 నుంచి ప్రతి కారుకీ అది తప్పనిసరి. మన దేశంలో ఇంజన్ లోపాలు తనే కనిపెట్టి దీపం వెలిగించే ఓబీడీ పద్ధతి నిబంధనల్లోకి వచ్చింది 2010లో, దాని రెండో దశ 2013లో. తొంభైల నాటి హోండాల్లో డాష్‌బోర్డ్ కింద వేలాడే రెండు పిన్నుల చిన్న కప్లరు ఉంటుంది. దాని రెండు పిన్నుల్నీ ఒక తీగ ముక్కతో కలిపి తాళం ఆన్ చేస్తే, చెక్ ఇంజన్ దీపం మిణుకు మిణుకుమంటూ లోపం నంబరు చెబుతుంది. పొడుగు మిణుకులు పదులు, పొట్టివి ఒకట్లు. అప్పటి టయోటా పెట్రోలు కార్లలో ఇదే పనికి బానెట్ కింద మూతపెట్టిన చిన్న నల్ల డబ్బా ఉంటుంది, మూత మీద డయాగ్నోసిస్ అని రాసి ఉంటుంది. అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు చాలామంది మొదట కొనేది పాత సివిక్కో కరోలానో. వాళ్లెవరైనా వింటుంటే, ఆ ఖాళీ కప్లరు చూసి కంగారు పడొద్దు.

ఇక రంగుల గురించి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ వైరింగులు కాలేది ఇక్కడే. ఇంట్లో కరెంటు పని తెలిసినవాళ్లు ఆకుపచ్చ కనబడితే ఎర్త్ అనుకుంటారు. అంబాసిడర్ కారులో ఆకుపచ్చ ఎర్త్ కాదు, తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చే కరెంటు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నుంచి పుట్టిన బండి కాబట్టి దానికి బ్రిటిష్ లూకాస్ రంగులే వచ్చాయి. ఆ పద్ధతిలో బ్రౌను వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు కూడా లేకుండా నేరుగా వచ్చేది. తెలుపు తాళం తిప్పాక వచ్చేది. నీలం హెడ్‌లైట్లది, ఎరుపు సైడ్ లైట్లది, నలుపు ఎర్త్. ఇప్పుడు ఒక స్కోడానో ఫోక్స్‌వ్యాగనో తీసుకోండి. జర్మన్ పద్ధతిలో బ్రౌనే ఎర్త్! ఒకదాంట్లో బ్యాటరీ, ఇంకోదాంట్లో బాడీ. అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన పెద్ద మేస్త్రీ జర్మన్ కారు దగ్గర తడబడితే అది ఆయన తప్పు కాదు. జపాన్ కార్లలో ఒట్టి నలుపు సాధారణంగా ఎర్త్. కానీ నలుపు మీద తెల్ల గీతో పసుపు గీతో ఉంటే, కొన్నిట్లో అది తాళం తిప్పాక కరెంటొచ్చే వైరు. టార్చి వెలుతురులో ఆ సన్నగీత కనబడదు. వైరుని మెల్లగా తిప్పి చూడాలి.

కాబట్టి రంగు చూసి ఊహించుకోవచ్చు గానీ నిర్ధారణ చేసుకోకూడదు. పైగా పాత కారంటే ఎంతమంది చేతులు పడ్డాయో! అసలు వైరు తెగితే చేతిలో ఏ రంగు ముక్క ఉంటే ఆ ముక్క అతికిస్తారు.

రంగు కంటే నమ్మదగ్గవి వైరు మందం, పొడవు. లైట్లకి, హారన్‌కి, ఫ్యానుకి ఆంపియర్లు ఎక్కువ కావాలి కాబట్టి వైరు లావుగా ఉంటుంది. సెన్సర్లకి వెంట్రుకంత కరెంటు చాలు, సన్నటి వైర్లొస్తాయి. రెండు సన్న వైర్లు మెలికపడి వస్తే అది చక్రం వేగం చెప్పే సెన్సరుదో, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైనో అయ్యుంటుంది. ఇక పొడవు సంగతి. వైరింగు అల్లేవాళ్లు జానెడు వైరు కూడా వృథాగా ఇవ్వరు. ఏ కప్లరైనా తన జోడీదాకా చేరేంత పొడవే ఉంటుంది. కట్టలోంచి అది బయటికొచ్చిన చోట వేలు పెట్టి పట్టుకుని, అది సహజంగా వాలే దిక్కుకి తిప్పి చూడండి. దాని జోడీ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. దానికి మించి సాగదీయాల్సి వచ్చిందంటే మీరు వెతికేది తప్పు చోట.

ఇప్పుడు మనుషులు చేసినవాటికి వద్దాం. పాత కారులో వేలాడేవాటిలో ఎక్కువ భాగం ఇవే, అసలు కథ కూడా వీటిదే.

పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఎల్పీజీ కిట్టు పెట్టించినవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. కారు అమ్మేటప్పుడు సిలిండరు తీసేసుకుంటారు, వైర్లు వదిలేస్తారు. డాష్‌బోర్డ్ మీద స్విచ్చు ఉన్న చోట చిన్న కన్నం మిగులుతుంది. దాని వెనక నుంచి, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనుండే ఫైర్‌వాల్ దాటి బానెట్‌లోకి పోయే వైర్లుంటాయి. వాటి మీద నిగనిగలాడే నల్ల ఇన్సులేషన్ టేపు ఉంటుంది. కంపెనీవాళ్ల గరుకు గుడ్డ టేపుతో అది కలవదు. కిట్టు తీసేటప్పుడు ఇంజెక్టర్ల లైను, ఆక్సిజన్ సెన్సరు లైను మళ్లీ సరిగ్గా కలపాలి. ఆ సెన్సరు మర్చిపోయినా కారు నడుస్తుంది, కానీ ఇంజన్ కంప్యూటరు అంచనా మీద పెట్రోలు పోస్తూ ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. సైలెన్సరు గొట్టం దగ్గర సెన్సరు నుంచి నాలుగు వైర్లొచ్చి, అందులో రెండు ఒకే రంగులో ఉంటే ఆ రెండూ దాని హీటరువి. ఇంకొక్క మాట. గ్యాస్ కిట్టు ఆర్సీలో నమోదు కావాలి. కిట్టు లేని కారు ఆర్సీలో గ్యాస్ అని ఉన్నా, ఆర్సీలో లేకుండా కారులో కిట్టు ఆనవాళ్లున్నా డబ్బు కట్టేముందే అడగండి.

ఇంకోటి, మన మేస్త్రీల నోట తరచూ వినే మాట: డైరెక్ట్ చేశాం సార్. రేడియేటరు ఫ్యాను తిరగడం మానేస్తుంది. కారణం రిలేనా, వేడి కనిపెట్టే స్విచ్చా అని చూసే తీరిక ఉండదు. తాళం తిప్పితే చాలు ఫ్యాను తిరిగేలా వేరే వైరు లాగేస్తారు. రేడియేటరు పక్కన రెండు పిన్నుల కప్లరు వేలాడుతూ, ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే ఫ్యాను కూడా తిరిగిందంటే మీ కారుకి అదే జరిగి ఉండొచ్చు. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి ఇది మంచి ఉపాయమే, నేను కాదనను. దాన్ని అలాగే వదిలేసి అమ్మడమే బాగుండదు. బ్రేక్ ఆయిల్ డబ్బా దగ్గర కూడా ఇలాంటిదొకటి కనిపిస్తుంది. అసలు మూతలో ఆయిల్ తగ్గితే చెప్పే సెన్సరుంటుంది. మూత పగిలితే బజార్లో దొరికే ఒట్టి మూత బిగించి, కప్లరుని పక్కన వదిలేస్తారు. ఆ మూత మార్చుకోవడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇవన్నీ బద్ధకం వల్ల జరిగేవి. మోసం వల్ల జరిగేవి రెండున్నాయి, వాటికి మాత్రం టార్చి పట్టుకుని మరీ వెతకాలి.

మొదటిది గేర్‌బాక్స్ మీద ఉండే స్పీడు సెన్సరు. పాత కార్లలో స్పీడోమీటరుకి కేబుల్ ఉండేది, ఆ తర్వాత మూడు వైర్ల సెన్సరొచ్చింది. ఆ కప్లరు పీకేస్తే ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది, కిలోమీటర్ల అంకె ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, కారు మాత్రం హైదరాబాద్ నుంచి తిరుపతి పోయి వస్తుంది. అమ్మేముందు మళ్లీ తగిలిస్తారు. అందుకే ఈ కప్లరు వేలాడకపోయినా దాన్ని చూడాలి. చుట్టూ గేర్‌బాక్స్ అంతా ఏళ్లనాటి మడ్డి పేరుకుని ఉండి, ఈ కప్లరు లాకు ఒక్కటే పదేపదే తీసి పెట్టినట్టు అరిగి మెరుస్తుంటే మీటరు అంకెని నమ్మకండి. బ్రేకు పెడలు రబ్బరు ఎంత అరిగిందో చూడండి, సర్వీసు బిల్లుల మీది కిలోమీటర్లు చూడండి.

రెండోది మీటరు బోర్డు దీపాలు. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా చూడండి. ఆయిల్ దీపం, బ్యాటరీ దీపం, చెక్ ఇంజన్, ఉంటే ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ దీపాలు అన్నీ వెలగాలి. వెలిగి, ఆ తర్వాత వేటి వేళకి అవి ఆరాలి. వెలగని దీపం ఉన్న కారు ఆరోగ్యంగా ఉందని కాదు, ఆ దీపం మాడిపోయిందనో, దాని నోరు ఎవరో నొక్కేశారనో అర్థం. అన్నిట్లోకీ ప్రమాదం ఆయిల్ దీపం. ఆయిల్ ఫిల్టరు దగ్గర ఒకే ఒక్క వైరున్న స్విచ్చు ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు అది ఆ వైరుని ఎర్త్‌కి కలుపుతుంది, దీపం వెలుగుతుంది. ఒత్తిడి రాగానే వదిలేస్తుంది, ఆరుతుంది. ఆ ఒక్క వైరు ఊడిపోతే దీపం ఎప్పటికీ వెలగదు. ఆయిల్ మొత్తం కారిపోయినా వెలగదు. ఇంజన్ పట్టేసేదాకా మీకు తెలియదు. ఇంజన్ కింది భాగంలో, రబ్బరు టోపీ తొడిగిన ఒంటి వైరు వేలాడుతూ కనిపిస్తే ముందు దాని సంగతి తేల్చుకున్నాకే కారు కదిలించండి.

సరే, చూపుతో తేలలేదు. మీటరు పట్టాలి. ఇందాక కరెంటిచ్చి చూడొద్దన్నాను కదా, కారణం ఇదీ. ఇంజన్ కంప్యూటరు తన సెన్సర్లలో చాలావాటికి ఇచ్చేది 5 వోల్టులు. మీరు ఆ వైరులోకి బ్యాటరీ 12 వోల్టులు ఎక్కిస్తే సెన్సరుతో పోదు, కంప్యూటరే పోవచ్చు. మనం కరెంటు ఇవ్వకూడదు, అది ఇస్తున్న కరెంటునే కొలవాలి. మల్టీమీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఎర్రదాంతో ఒక్కో పిన్నూ తాకించి చూడండి. తాళం తీసేసి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి, లైట్లు వేసి ఒకసారి, రివర్స్ గేరు వేసి ఒకసారి. ఏది మార్చినప్పుడు అంకె మారిందో ఆ కప్లరు దానికి సంబంధించింది. పార్కింగ్ లైటు స్విచ్చు వేసినప్పుడే కరెంటొస్తే లైట్లదే. మూడు వైర్లలో ఒకదాంట్లో 5 వోల్టులు, ఒకటి ఎర్త్ అయితే అది సెన్సరు కప్లరు. మీటరు మొనని ఫిమేల్ పిన్నులోకి బలంగా గుచ్చకండి. అది వెడల్పయిపోతే రేపు జోడీ దొరికినా పట్టు ఉండదు. వెనక వైపు నుంచి సన్నటి గుండుసూది దింపి దాని మీద కొలవండి.

మీటరు కూడా ఒక్కోసారి బోల్తా కొట్టిస్తుంది. అది లాగే కరెంటు దాదాపు లేనట్టే. అందుకని చిలుము పట్టి సగం చచ్చిన వైరు కూడా దాని ముందు దర్జాగా 12 వోల్టులు చూపిస్తుంది. ఇందాక చెప్పిన ఆయిల్ దీపం వైరూ అంతే, మీటరు బోర్డు బల్బు గుండా వచ్చిన 12 చూపిస్తుంది. నిజంగా బలమున్న లైనా కాదా తేలాలంటే వైరు తగిలించిన బల్బు, అంటే టెస్ట్ ల్యాంపు పెట్టాలి. లావు వైరుకి ల్యాంపు, సన్న వైరుకి మీటరు అని గుర్తుంచుకుంటే చాలు. కంప్యూటరు నుంచి వచ్చే సన్న వైరుకి ల్యాంపు పెడితే, ల్యాంపు లాగే కరెంటుని కంప్యూటరు తట్టుకోలేదు.

పసుపు రంగు కప్లరు కనిపిస్తే మాత్రం మీటరూ వద్దు, ల్యాంపూ వద్దు. అది ఎయిర్‌బ్యాగుదో, సీటు బెల్టు బిగించే యంత్రానిదో. మీటరు రెసిస్టెన్స్ కొలవడానికి పంపే చిన్న కరెంటు కూడా అక్కడ ప్రమాదమే. సీటు కవర్లు కుట్టించినప్పుడు సీటు విప్పి, ఆ కప్లరు పెట్టడం మర్చిపోయేవాళ్లున్నారు. బ్యాటరీ తీసేసి, కాసేపు ఆగి, తెలిసినవాళ్ల చేతే పెట్టించండి. ఇక హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్లుంటాయి, వాటి జోలికి అసలు పోవద్దు.

కప్లరు కాకుండా ఒట్టి వైరు కొస కనిపిస్తే ఆ కొసని చూడండి. కట్టరుతో కోస్తే బల్లపరుపుగా ఉంటుంది. ఎలుక కొరికితే అంచులు చిందరవందరగా, పక్క వైర్ల మీద కూడా పంటి గాట్లతో ఉంటుంది. కప్లరు లోపల పచ్చటి చిలుము, ఎండిన ఒండ్రు కనిపించాయంటే సంగతి వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో ఉన్నాయి. సీట్లు కడగొచ్చు, కార్పెట్లు మార్చొచ్చు. డాష్‌బోర్డ్ కింద ఉన్న కప్లర్లన్నీ విప్పి ఒండ్రు కడిగేంత ఓపిక అమ్మేవాడికి ఉండదు. మోకాలి ఎత్తులో ఉన్న కప్లరులో బురద ఉంటే ఆ కారు నాకైతే వద్దు, ఎంత తగ్గించి ఇచ్చినా.

ఇన్ని చేసినా తేలకపోతే అదే మోడల్, అదే వేరియంట్, అదే ఏడాది కారు ఇంకోటి వెతికి పక్కపక్కన పెట్టి చూడండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లో మీకు తెలిసిన షెడ్డులోనో మారుతీలు, శాంత్రోలు, ఇండికాలు ఎప్పుడూ ఒకటైనా విప్పి ఉంటుంది. దాంట్లోనూ అదే కప్లరు అదే చోట ఖాళీగా ఉంటే మీ వెతుకులాట అక్కడితో సరి. కప్లరు మీద ఉబ్బెత్తు అక్షరాల్లో చిన్న నంబరు కూడా ఉంటుంది. విడిభాగాల షాపులో దాని జోడీ దొరకడానికి అది పనికొస్తుంది.

ఖాళీదని తేలిన కప్లరుని కోసి పారెయ్యొద్దు. మూతి కప్పి, కట్టకి టేపు చుట్టి, దేనిదో తెలిస్తే ఒక చీటీ మీద రాసి కట్టండి. పైగా అది మీకు లాభమే. పై వేరియంటు ఫాగ్ ల్యాంపులు పాత సామాన్ల షాపులో కొని ఆ కప్లరుకే తగిలించవచ్చు. కాకపోతే ముందు ఫ్యూజు బాక్సు మూత తీసి, ఫాగ్ ల్యాంపు ఫ్యూజు, రిలే ఉన్నాయో, ఖాళీ గదులే ఉన్నాయో చూసుకోవాలి. కింది వేరియంట్లో వైర్లు ఇచ్చినా చాలాసార్లు అవి ఇవ్వరు, స్విచ్చూ ఇవ్వరు. ఆ మూడూ కూడా కలిపి కొనుక్కుంటే మీ కారు వైరింగులో ఒక్క వైరు కూడా కొయ్యకుండానే పని అయిపోతుంది.